బేబీ ఆఫ్ ఉదయలక్ష్మి

అమీర్‌పేట మైత్రీవనం మూడో అంతస్తులో ఉదయలక్ష్మి పాఠం మొదలుపెడితే కింద జిరాక్సు షాపువాడికి కూడా వినిపించేదని ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఆమె సబ్జెక్టు. పొద్దున ఏడింటికి ఒక బ్యాచ్, తొమ్మిదింటికి ఇంకొకటి, సాయంత్రం ఆఫీసులు వదిలాక మరొకటి. ఇరుకు బెంచీల మీద నూటయాభై మంది భుజాలు రాసుకుంటూ కూర్చుంటే, మైకు పనిచేయకపోయినా వెనక వరస దాకా అందేలా చెప్పేది.

ఆమెది పాలకొల్లు. డిగ్రీ చదువుతుండగానే తల్లి పోయింది. రెండు వేల సంవత్సరంలో ఒక సూట్‌కేసుతో అమీర్‌పేటలో దిగి, లేడీస్ హాస్టల్లో ఆరుగురు ఉన్న గదిలో ఏడో మనిషిగా చేరింది. కోర్సు నేర్చుకుని ఉద్యోగం వెతుక్కుందామనే వచ్చింది. ఒకరోజు సారు రాకపోతే, పక్కవాళ్లకి అర్థం కాని పాఠం లేచి బోర్డు మీద రాసి చెప్పింది. ఆ నెలాఖరుకి ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆమెనే చెప్పమన్నారు. ఆమె శిష్యులు మాదాపూర్ కంపెనీల్లో, బెంగళూరులో కుదురుకున్నారు. ఆమెకి మాత్రం బోర్డు ముందు నిలబడటమే బాగుందనిపించి అక్కడే ఉండిపోయింది.

మూడేళ్లకి కృష్ణమోహన్‌తో పెళ్లయింది. సోమాజిగూడలో ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. నెమ్మదైన మనిషి. అమీర్‌పేట సందుల్లో రెండు గదుల వాటా తీసుకున్నారు. 2005లో ఆమెకి నెల తప్పింది.

ఏడో నెల వచ్చేసరికి చెప్పులు పట్టనంతగా పాదాలు వాచాయి. తలనొప్పి వదిలేది కాదు. "కడుపుతో ఉన్నవాళ్లకి ఇవన్నీ మామూలేగా" అనుకుని, ఒక చేత్తో బల్ల పట్టుకుని పాఠాలు చెబుతూనే ఉంది. ఆగస్టులో ఒక పొద్దున తొమ్మిదింటి బ్యాచ్ మధ్యలో తాను రాసిన అక్షరాలే కళ్ల ముందు అలుక్కుపోయాయి. మాట తడబడింది. ముందు బెంచీలో ఇద్దరమ్మాయిలు లేచి ఆమెని పట్టుకుని, ఆటోలో ఎక్కించి, పంజగుట్టలోని ఆస్పత్రికి తీసుకెళ్లారు. బీపీ నూట ఎనభై, నూట ఇరవై. కృష్ణమోహన్ వచ్చి సంతకం పెట్టేలోపే ఆమెని ఆపరేషన్ థియేటర్‌కి తోసుకుపోయారు.

మళ్లీ స్పృహ వచ్చేసరికి కడుపు మీద చెయ్యి వేసుకుంటే ఖాళీగా ఉంది. పిల్ల ఏడుపు ఆమె వినలేదు. పుట్టగానే ఎవరూ తెచ్చి చూపించలేదు. మూడు రోజులు ఆమె ప్రాణానికే భరోసా లేక ఐసీయూలో ఉంచారు. నాలుగో రోజు చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి పసిపిల్లల వార్డుకి తీసుకెళ్లారు. నరసాపురం నుంచి దిగిన అత్తగారు రత్నమాల కుర్చీ వెనకే నడిచింది.

గాజుపెట్టెకి అంటించిన అట్ట మీద ఇంగ్లీషులో రాసి ఉంది: బేబీ ఆఫ్ ఉదయలక్ష్మి, ఆడపిల్ల, వెయ్యి ఎనభై గ్రాములు. లోపల అరచేతికి కాస్త పెద్దదిగా ఎర్రటి ప్రాణి. నరాలు బయటికే కనిపిస్తున్నాయి. ముక్కుకి గొట్టం, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టర్, తలకి పెద్దదైపోయిన టోపీ.

ఉదయలక్ష్మి చూస్తూ కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఇన్ని నెలలు తను ఎదురుచూసిన పిల్ల వేరు, ఈ పిల్ల వేరు అనిపించింది. పొరపాటున ఎవరి పెట్టె ముందుకో తెచ్చి నిలబెట్టారేమో అనిపించింది. నర్సుని అడిగింది.

"ఎలా ఉందండీ?"

ఆ మాట ఎదురింటివాళ్ల పిల్ల గురించి అడిగినట్టే ఉందని ఆమె చెవికే తెలిసింది. నర్సు జవాబు చెప్పబోతుండగా పెట్టె పక్కనున్న మిషన్ కూతపెట్టింది. పిల్ల ఊపిరి ఆగింది. నర్సు పెట్టె కిటికీలోంచి చెయ్యి పెట్టి అరికాలి మీద వేలితో తట్టింది. ఒకసారి, రెండోసారి. పిల్ల ఛాతీ మళ్లీ పైకి లేచింది. "ఏం లేదు మేడం, ఇలాంటి పిల్లలు ఊపిరి తీయడం మర్చిపోతుంటారు, గుర్తుచేస్తే తీసుకుంటారు" అంది నర్సు. ఉదయలక్ష్మి అప్పటికే కళ్లు మూసుకుంది. "నన్ను గదికి తీసుకెళ్లండి" అంది.

పదో రోజున ఆమెని ఇంటికి పంపారు. పిల్ల ఆస్పత్రిలోనే ఉండిపోయింది. పాలు మాత్రం పంపాలన్నారు. గొట్టంలోంచి రెండు గంటలకోసారి రెండు మిల్లీలీటర్లు, తర్వాత మూడు, తర్వాత అయిదు. ఆమె చేతిపంపుతో పాలు తీసి, సీసా మీద తేదీ, టైమూ గుండ్రటి అక్షరాలతో రాసేది. ఒక్క పూట తప్పలేదు. ఆఫీసుకి వెళ్తూ కృష్ణమోహన్ వాటిని ఇచ్చి వెళ్లేవాడు. సాయంత్రం ఆమెని తీసుకెళ్తే, వార్డు తలుపు దాకా వచ్చి అద్దంలోంచి ఒకసారి చూసి, "నీరసంగా ఉందండీ, వెళ్దాం" అనేది.

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఆమె కడుపులో ఉండిపోయింది. పోయేదైతే నాకు మమకారం పుట్టకముందే పోతే బాగుండు అనుకుంది ఒకసారి. అనుకున్నందుకు తనని తానే క్షమించుకోలేకపోయింది. తల్లి కడుపులో ఉండాల్సిన పిల్లని నిలబడి పాఠాలు చెప్పి చెప్పి ముందే బయట పడేశానని ఇంకోపక్క తొలిచేది. రత్నమాల ఏదీ అడగలేదు. వేళకి పత్యం వండి పెట్టి, తలకి నూనె రాసి, "అమ్మాయ్, కాస్త నడుం వాల్చు" అనేది, అంతే. ఆవిడ ఒక్క మాట అని ఉంటే పోట్లాడి తేలికపడేదాన్నని ఉదయలక్ష్మి అనుకునేది.

నెల దాటింది. పిల్ల సొంతంగా ఊపిరి తీసుకుంటోంది, పన్నెండు వందల గ్రాములకి వచ్చింది. పిల్లల డాక్టరు వసుమతి భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఇక పాపని రోజూ కొన్ని గంటలు మీ ఒంటికి ఆనించుకుని పెట్టుకోవాలి. బట్ట అడ్డం లేకుండా, కంగారూ పిల్లలా ఛాతీ మీద. వెచ్చగా ఉంటుంది, బరువు పెరుగుతుంది. రేపటి నుంచి మొదలుపెడదామా అమ్మా?"

"నా వల్ల కాదండీ" అంది ఉదయలక్ష్మి. "నా చేతుల్లో ఊపిరి ఆగితే?"

డాక్టరు బలవంతపెట్టలేదు. కృష్ణమోహన్ ఒక నిమిషం భార్య వైపు చూసి, "నేను కూర్చోవచ్చా మేడం? మగవాళ్లు చేయకూడదా?" అని అడిగాడు. మరునాడు ఆఫీసు చొక్కా గుండీలు విప్పుకుని, సిగ్గుపడుతూ వాలుకుర్చీలో కూర్చుంటే, నర్సు పిల్లని తెచ్చి ఆయన గుండె మీద బోర్లా పడుకోబెట్టింది. ఆయన అలాగే కదలకుండా, సీలింగు వైపు చూస్తూ కళ్లనీళ్లు కార్చాడు.

ఉదయలక్ష్మి బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది. అక్కడ దొరికింది ఆమె ఆయమ్మకి.

వార్డు ఆయమ్మ పేరు సీతాబాయి. ఆలేరు దగ్గర పల్లెటూరు, ఉండేది బల్కంపేటలో. ఆ వార్డులో పద్నాలుగేళ్లుగా గుడ్డలు మార్చి, నేల తుడిచి, తల్లులకి టీ తెచ్చిపెట్టిన మనిషి. చేతిలో బకెట్టు కింద పెట్టి పక్కన కూర్చుంది.

"మీ ఆయన లోపల కూసుండు, నువ్వేంది బిడ్డా ఈడ కూసున్నవ్?"

"భయమేస్తోంది ఆయమ్మా."

"ఎవరికి గాదు భయం? పెద్ద డాక్టరమ్మకు సుత ఉంటది. నాకో కొడుకు పుట్టిండు తెల్సా, మొదటి కాన్పు. ఎనిమిదో నెల. ఇంట్లనే పుట్టిండు. గింతే ఉన్నడు." ఆమె మోచేతి దాకా కొలిచి చూపించింది. "బతకడు, సూడకు, మనసు పెట్టుకోకు అన్నరు పెద్దోళ్లు. నేను సుత గోడ దిక్కు తిరిగి పండుకున్న. రెండొద్దులు బతికిండు. రెండొద్దులల్ల ఒక్కపాలి సూడలే. ముప్పై ఏండ్లాయె. ఇగ ఇప్పుడు యాది చేసుకుందామంటే వాని ముఖం లేదు నాకు."

ఉదయలక్ష్మి తల తిప్పి ఆమెని చూసింది. సీతాబాయి ఏడవడం లేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"సూసినా సూడకున్నా దుఃఖం ఒక్కతీరే వస్తది బిడ్డా. సూసినోళ్లకు జర ముఖమన్న మిగుల్తది. నీ పిల్ల అయితే బతుకుతది, నేను మస్తు మందిని సూసిన. పొయ్యి సూడు." అని బకెట్టు తీసుకుని లేచి పనిలో పడిపోయింది.

ఆ రోజు ఉదయలక్ష్మి వార్డులోకి వెళ్లి భర్త కుర్చీ పక్కన నిలబడింది. ముట్టుకోలేదు. కానీ పిల్ల చెవి చూసింది. ఇంకా గట్టిపడని చెవి, మడిచిన తమలపాకులా తలకి అంటుకుని ఉంది. చెవి అంచున సన్నటి నూగు. ఆ నూగు ఇంటికి వెళ్లాక కూడా గుర్తుంది.

వారం తిరగకుండానే వినాయక నిమజ్జనం వచ్చింది. ఆ పొద్దున కృష్ణమోహన్‌కి నూటరెండు జ్వరం. జ్వరం మనిషిని వార్డు గడప తొక్కనివ్వరు. రత్నమాలకి మోకాళ్ల నొప్పులు. పదింటికి వార్డు నుంచి నర్సు ఫోన్ చేసింది: "మేడం, నిన్నటి పాలు మధ్యాహ్నం దాకానే వస్తాయి."

ఉదయలక్ష్మి వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసుముక్కలు వేసి, మధ్యలో సీసాలు పేర్చి, మూత బిగించి బయల్దేరింది. సందు చివరికి వచ్చేసరికి ఒక్క ఆటో లేదు. ఎస్సార్ నగర్ నుంచి, అమీర్‌పేట నుంచి లారీల మీద విగ్రహాలు వరసగా ఖైరతాబాద్ వైపు కదులుతున్నాయి. డప్పులు, బ్యాండు, గులాల్. ఆపరేషన్ అయి అయిదు వారాలు దాటింది. ఫ్లాస్కుని రెండు చేతులా గుండెకి పట్టుకుని, రోడ్డు అంచునే నడవడం మొదలుపెట్టింది.

పంజగుట్ట చౌరస్తా దగ్గర బారికేడ్లు. జనం గోడలా ఉన్నారు. ఆస్పత్రి ఆ పక్కన. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. చొక్కా మీద హనుమాండ్లు అని పేరు.

"అమ్మా, గిటు బందున్నది. ఎన్కకు పోయి సుట్టు తిరిగి పో."

"వెళ్లనివ్వండి అన్నా. నా కూతురికి పాలు."

"ఏడున్నది కూతురు?"

"అదిగో ఆ ఆస్పత్రిలో. నెలలు నిండకుండా పుట్టింది. రెండు గంటలకోసారి పట్టాలి. ఈ ఐసు కరిగిపోతే..." ఫ్లాస్కు ఎత్తి చూపించింది.

హనుమాండ్లు ఫ్లాస్కు వైపు చూశాడు. బారికేడ్ పక్కకి లాగి, విజిల్ నోట్లో పెట్టుకుని ముందు నడిచాడు. చెయ్యెత్తి ఒక లారీని ఆపాడు. లారీ ముందు ఆడుతున్న కుర్రాళ్లు ఒంటినిండా గులాల్‌తో అడ్డంగా ఉన్నారు. ఒకడు గుప్పెడు తీసి ఎగరేయబోతే హనుమాండ్లు అరిచాడు.

"అరె, గులాల్ ఎయ్యకుండ్రి! చిన్నపిల్ల పాలున్నయ్!"

ఆ కుర్రాడు చెయ్యి దించేశాడు. "జరుగుండ్రి భాయ్, పాలంట, పాలంట" అని వెనక్కి అందించాడు. ఒకరికొకరు చెప్పుకుంటూ పాయ తీసినట్టు దారి ఇచ్చారు. ఎవరో డప్పు కూడా ఆపారు. ఆమె వాళ్ల మధ్యనుంచి నడిచి అవతలి ఫుట్‌పాత్ ఎక్కి, దండం పెడదామని తిరిగేసరికి హనుమాండ్లు అప్పుడే ఎవరి బండినో వెనక్కి పంపిస్తూ కేకలేస్తున్నాడు.

ఆస్పత్రి మెట్లు ఎక్కుతుంటే ఆమెకి అప్పుడు తట్టింది. "పాప" అని కాదు, "బేబీ" అని కాదు, "నా కూతురు" అంది తను. నలభై రోజుల్లో ఆ మాట నోటివెంట రావడం అదే మొదలు.

ఫ్లాస్కు నర్సుకి అందించి, "ఇవాళ నేను కూర్చుంటాను" అంది.

వాలుకుర్చీలో కూర్చోబెట్టి, వార్డువాళ్ల గౌను తొడిగి, ముందు ముడి విప్పి, సీతాబాయి, నర్సు కలిసి పిల్లని ఆమె గుండె మీద పెట్టారు. బరువే లేదు. తడిసిన గువ్వపిల్లలా ఉంది, వేడిగా. ఉదయలక్ష్మి కళ్లు పిల్ల మీద నిలవడం లేదు, మిషన్ మీద ఆక్సిజన్ అంకెల వైపే పోతున్నాయి. తొంభై ఒకటి, ఎనభై తొమ్మిది, తొంభై.

"గా డబ్బా దిక్కు సూడకు. నర్సమ్మ సూస్తది. నువ్వు పిల్లతోటి మాట్లాడు" అంది సీతాబాయి.

"ఏం మాట్లాడను ఆయమ్మా? నాకు జోలపాటలు రావు."

"ఏదొకటి. నీ గొంతు దానికి ఎరుకే గదా. కడుపులున్నప్పుడు ఏడు నెలలు నువ్వేం చెప్తే గదే ఇన్నది."

కడుపులో ఉన్నప్పుడు అది విన్నదేమిటి? రోజుకి మూడుసార్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఉదయలక్ష్మి గొంతు సవరించుకుని, తలుపు దాకా కూడా వినిపించనంత చిన్నగా, మొదటి రోజు పాఠం మొదలుపెట్టింది. ప్రోగ్రాం ఎందుకు తప్పుతుంది, తప్పు ఎక్కడ దొరుకుతుంది, ఎంత తొందరగా దొరికితే అంత మంచిది. నర్సు నవ్వాపుకుంది. పిల్ల చెయ్యి ఒకటి జారి వచ్చి ఆమె మెడ దగ్గర ఆనుకుంది. అంకె తొంభై అయిదుకి వెళ్లి నిలబడింది. అది పాఠం వల్లో, ఒంటి వేడి వల్లో ఆమెకి తెలీదు. గంటన్నర గడిచేసరికి పాఠం సగంలో ఆగిపోయింది. తల్లీ పిల్లా ఇద్దరూ నిద్రపోయారు.

ఆ తర్వాత రోజూ వెళ్లింది. అక్టోబరు మొదటివారంలో, పద్దెనిమిది వందల గ్రాముల బరువుతో పిల్ల ఇంటికి వచ్చింది. పేరు కృష్ణమోహన్ పెట్టాడు. "పెట్టెలో పెరిగింది కదా, మంజూష అందాం. మంజూష అంటే పెట్టేగా" అన్నాడు. రత్నమాల పడీపడీ నవ్వింది.

ఇంటికి వచ్చేస్తే అంతా సర్దుకుంటుందని అందరూ అనుకున్నారు. సర్దుకోలేదు. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి లెక్కపెట్టేది ఉదయలక్ష్మి. అరవై లెక్కపెట్టి, మళ్లీ మొదటినుంచి. ఒక మధ్యాహ్నం అమీర్‌పేటలో సరుకులు కొంటుంటే, బిల్లింగ్ కౌంటర్ దగ్గర మిషన్ కూతపెట్టగానే బుట్ట వదిలేసి బయటికి పరుగెత్తింది. మెట్ల మీద కూర్చుండిపోయింది.

పిల్లకి కళ్ల పరీక్ష చేయించడానికి వెళ్లినప్పుడు వసుమతి పిల్లని చూసి, తర్వాత తల్లిని చూసింది. "పాప బాగుంది. మీరెలా ఉన్నారమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఇన్నాళ్లూ తనని ఎవరూ అడగలేదు. ఉదయలక్ష్మి అంతా చెప్పేసింది. మమకారం పుట్టకముందే పోతే బాగుండు అనుకున్న మాటతో సహా.

"నిలబడి పాఠాలు చెప్పినందుకేనా మేడం ఇదంతా?"

"కాదమ్మా. పడుకుని ఉన్నా ఆ బీపీ వచ్చేదే. ఇంకో మాట, మీరు అనుకున్నది నాకు చాలామంది తల్లులు చెప్పారు. వాళ్లంతా మంచి తల్లులే."

సోమాజిగూడలో ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపింది. ప్రతి గురువారం ఆమె లోపల మాట్లాడుతుంటే, కృష్ణమోహన్ పిల్లని ఎత్తుకుని బయట కుర్చీలో కూర్చునేవాడు. మూడు నెలలు పట్టింది. ఫలానా రోజున ప్రేమ పుట్టిందని ఉదయలక్ష్మి ఎప్పుడూ చెప్పలేదు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పిల్ల పక్కనే ఒరిగి, నిద్రపోయి, లేచి, వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టుకుని సగం తాగాక, తను పిల్ల ఊపిరి చూడనేలేదని గుర్తొచ్చింది. తొంగి చూస్తే మంజూష పక్క మీద తన కాలిని తనే నోట్లో పెట్టుకుని చీకుతోంది. "ఓసి నీ అసాధ్యం కూలా!" అని గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకి పిల్ల కూడా బోసినోటితో నవ్వింది.

జూన్‌లో మళ్లీ పాఠాలకి వెళ్లింది. ఒక్క బ్యాచ్‌తో మొదలు. ఆ రోజు తనని ఆటో ఎక్కించిన ఇద్దరమ్మాయిలకీ అప్పటికే ఉద్యోగాలొచ్చాయి. ఇద్దరినీ వెతికి పట్టుకుని ఇంటికి భోజనానికి పిలిచింది. పిల్ల మొదటి పుట్టినరోజుకి రత్నమాల చేసిన పూతరేకులు, పులిహోర మోసుకుని వార్డుకి వెళ్లింది. సీతాబాయి పిల్లని ఎత్తుకుని, "అబ్బ, గిప్పుడు మోస్తె చెయ్యి గుంజుతున్నది" అని మురిసిపోయింది. తిరిగొస్తూ పంజగుట్ట చౌరస్తాలో హనుమాండ్లు కోసం అడిగితే ఎక్కడికో బదిలీ అయ్యాడన్నారు. ఉదయలక్ష్మి ఆ పూట డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కే పూతరేకుల పొట్లం ఇచ్చి దండం పెట్టింది. ఆయనకి సంగతి అర్థం కాలేదు కానీ, తీసుకున్నాడు.

ఆ తర్వాత నుంచి శనివారం మధ్యాహ్నాలు ఆమె వార్డు బయట బెంచీ మీద కూర్చోవడం అలవాటు చేసుకుంది. వసుమతే అడిగింది రమ్మని. 2008లో ఒక శనివారం సీతాబాయి చెయ్యి పట్టుకుని పింకీ అనే అమ్మాయిని తెచ్చి కూర్చోబెట్టింది. ఖైరతాబాద్‌లో సెల్‌ఫోన్ షాపులో పనిచేసే పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి. బాబు ముప్పై వారాలకి పుట్టాడు. ఆరు రోజులైంది, లోపలికి పోనంటోంది.

"అక్కా, మంచిగైతడా?" అని అడిగింది పింకీ.

"నాకు తెలీదమ్మా. డాక్టర్లు గట్టిగానే చూస్తున్నారు. నేను నలభై రోజులు ముట్టుకోలేదు నా కూతుర్ని."

"నిజంగనా?"

"నిజంగానే. భయమేసింది."

సీతాబాయి టీ తెచ్చి ఇద్దరి చేతుల్లో పెట్టి వెళ్లింది.

"గా పాప ఇప్పుడెట్లున్నది అక్కా?"

"నర్సరీలో వేశాం. అన్నం దగ్గర గంట ఏడిపిస్తుంది. నిన్న వాళ్ల టీచర్ చెప్పింది, మీ అమ్మాయికి గొంతు మరీ పెద్దదండీ, పక్క క్లాసు దాకా వినిపిస్తోందీ అని."

పింకీకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. టీ తాగేసి, ఖాళీ గ్లాసు బెంచీ కింద పెట్టి, "నువ్వు సుత వస్తవా అక్కా లోపలికి?" అని అడిగింది.

"పద" అంది ఉదయలక్ష్మి.